ఓడకి మేడి

1973 మొదటి నెలల్లో మా ఊళ్ళో బడులు నడవలేదు. జై ఆంధ్ర ఉద్యమం రోజులు. మగపిల్లలు బజారులో నినాదాలు ఇస్తూ తిరిగేవాళ్ళు. ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. నన్ను మిరప కల్లానికి పంపారు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు దాటాయి. వినుకొండ బయట మాకు కొంచెం మెట్ట ఉండేది. ఎండిన కాయలు కుప్పగా పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏరేవాళ్ళు. మంచి ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకి. గంట గడిచేసరికి వేళ్ళు మండేవి, తుమ్ములూ దగ్గులూ. నేను ఆ పనికి పనికిరానని మొదటి రోజే తేలిపోయింది. రెండో రోజు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం పైటలో దాచుకుని వెళ్ళాను. మా పెద్దమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. "ఆ చదివేదేదో పైకి చదువమ్మాయ్, నీ వాటా కాయలు మేం ఏరతాం" అంది.

ఆ పుస్తకం 'కాంచనద్వీపం'. స్టీవెన్సన్ ఇంగ్లీషు నవల 'ట్రెజర్ ఐలాండ్'కి నండూరి రామమోహనరావు చేసిన తెలుగు. ఒక కుర్రవాడు, ఒక పటం, ఓడ, దొంగలు, నిధి. అందులో చెప్పుకోదగ్గ ఆడమనిషి ఆ కుర్రవాడి తల్లి ఒక్కతే, ఆమె కూడా ఓడ ఎక్కకముందే కథలోంచి జారుకుంటుంది. ఈ సంగతి నాకు తట్టడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. అప్పుడు నా ఇబ్బంది వేరు. నేను సముద్రం చూడలేదు. ఆ కల్లంలో ఎవరూ చూడలేదు. ఓడ కథ నిండా ఓడ మాటలే ఉంటాయి కదా. తెరచాప, లంగరు, సరంగు, చుక్కాని. చదివేదాన్ని నేనే కాబట్టి అర్థం నాకు తెలుసని అందరూ అనుకున్నారు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ.

చుక్కాని దగ్గర పెద్దమ్మ ఆపింది. "అదేంటే?" అంది. నేను గొణిగాను. కుప్పకి అవతలి వైపు, కూలికి వచ్చిన ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె అడిగింది. "దాన్ని తిప్పితే ఓడ తిరిగిందన్నారు కదమ్మాయిగోరూ? ఎనకమాల ఉంటదా అది?" ఉంటుందని రెండు పేజీల ముందు చదివినట్టు గుర్తు. "అట్టయితే ఓడకి మేడి" అంది ఆమె, కాయ ఏరుతూనే.

మేడి అంటే నాగలి వెనక రైతు చేత్తో పట్టుకునే పిడి. అది అటు నొక్కితే నాగలి ఇటు, ఇటు నొక్కితే అటు. మా ప్రాంతంలో ఆడది నాగలి పట్టకూడదు, అరిష్టం. ఆమె వయసంతా నాగలి చాళ్ళ వెనక నడుస్తూ విత్తనం వేసిన మనిషి. మేడి ఎప్పుడూ పట్టనివ్వని చేతులవి. కానీ మేడి చేసే పనేమిటో ఆమెకి తెలుసు, అందుకని చుక్కాని ఏమిటో కూడా తెలిసిపోయింది. నాకన్నా పాతికేళ్ళు పెద్దది. నేను ఆమెని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేదాన్ని. ఆమె నన్ను 'అమ్మాయిగోరూ' అనేది. ఆమె పక్కన కూర్చుని కాయలు ఏరుతున్న ఆమె కూతురికీ నా వయసే. బడులు మూసినందువల్ల ఆ పిల్ల కల్లానికి రాలేదు. తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ పిల్ల కల్లంలోనే ఉంది.

ఆ తర్వాత ఇది ఆటయిపోయింది. లంగరు వచ్చింది, గుంజకి పలుపుతాడు అన్నారు. సరంగు వచ్చింది, కూలీల మేస్త్రి అన్నారు. కొన్ని తప్పాయి. తెరచాప అంటే ఓడమీద ఎండ తగలకుండా పరిచే చాప అని తీర్మానించి, గాలికి అది ఉబ్బిందని చదవగానే అందరూ నవ్వుకుని తీర్మానం మార్చుకున్నారు. మాటని దాని పక్క మాటలతో నిలదీసి అర్థం రాబట్టడం నాకు నేర్పింది వాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ అక్షరం రాదు.

బడి మళ్ళీ తెరిచాక చదువు ఇంకో రకం. పాఠం చివర 'కఠిన పదాలు – అర్థాలు' అని ఒక పట్టిక. దాన్ని బట్టీ పట్టాలి. ఉపవాచకానికి కూడా, అంటే సరదాగా చదువుకోమని ఇచ్చిన కథకి కూడా, గైడు పుస్తకంలో పట్టిక ఉండేది. ఆ తర్వాత 'సొంతవాక్యములలో ప్రయోగింపుము'. సొంతం అనే మాటని ఇంతగా వెక్కిరించిన చోటు ఇంకోటి నేను చూడలేదు. 'స్వేచ్ఛ' అన్న మాటకి నేను 'మా అన్నకి స్వేచ్ఛ ఉంది' అని రాశాను. ఎర్రసిరాతో కొట్టేసి 'పక్షులకు స్వేచ్ఛ కావలెను' అని రాయించారు. వాక్యంలో తప్పేమిటని అడిగితే వ్యాకరణం సరిగ్గానే ఉంది, భావం బాగాలేదు అన్నారు. 'శీలము'కి మాత్రం క్లాసులో నలభైమందీ ఒకే సొంతవాక్యం రాశాం. సీత పేరుతో.

మాట పిల్లలకి ఎలా అబ్బుతుందన్న దాని మీద మన పాత శాస్త్రాల్లో పెద్ద చర్చే ఉంది. న్యాయశాస్త్రంలోనూ మీమాంసలోనూ దీన్ని వృద్ధవ్యవహారం అంటారు. ఒక పెద్దమనిషి ఇంకో మనిషితో 'ఆవుని తీసుకురా' అంటాడు. అతను తెస్తాడు. పక్కన ఉన్న పిల్లవాడు చూస్తాడు. మళ్ళీ 'ఆవుని కట్టెయ్యి' అంటాడు, 'గుర్రాన్ని తీసుకురా' అంటాడు. ఏ మాట మారితే ఏ పని మారిందో గమనించి పిల్లవాడు ఒక్కో మాటకీ అర్థం విడదీసుకుంటాడు. ఎంత సరైన పరిశీలన! మా కల్లంలో జరిగింది సరిగ్గా ఇదే. కాకపోతే ఆ ఉదాహరణలో చెప్పేవాడు మగవాడు, చేసేవాడు మగవాడు, చూసి నేర్చుకునేవాడు మగపిల్లవాడు. పిల్లలకి మాటలు అబ్బేది ఎవరి చంకలోనో, ఏ వంటింట్లోనో శాస్త్రకారులకి తెలియదనుకోను. ఉదాహరణగా రాయదగ్గ చోటు అనుకుని ఉండరు.

ఈ కాలపు పరిశోధకులు లెక్కలు కూడా కట్టారు. 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అనే ఇంగ్లీషు నవలలో ఆంథొనీ బర్జెస్ రష్యన్ మాటల్ని విరిచి కుర్రకారు యాస ఒకటి కల్పించాడు. పాల్ నేషన్, మరి ఇద్దరు కలిసి 1978లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ నవలని మామూలుగా చదివిన పెద్దవాళ్ళకి చెప్పకుండా ఆ మాటల మీద పరీక్ష పెడితే సగటున మూడొంతుల మాటలకి అర్థం చెప్పగలిగారు. పదే పదే వచ్చిన మాటలు కనక అలా. ఒక్కసారి తగిలి పోయే మాటల సంగతి వేరు. 1987లో అమెరికా బడిపిల్లల మీద చేసిన ఇంకో అధ్యయనంలో, మామూలు చదువులో కొత్త మాట తగిలితే దాని అర్థం పట్టుబడే అవకాశం ఇరవైలో ఒకటి మాత్రమే అని తేలింది. అంటే చాలా చదవాలి. చదవడానికి తీరికుండాలి, పుస్తకం ఉండాలి, పక్కన కూర్చుని 'అదేంటే' అని అడిగే మనిషుండాలి. చదువుకున్న మొదటి తరం తెలుగు ఆడవాళ్ళకి ఈ మూడూ ఎలా దొరికాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళయింది. ఆమెని ఎవరూ బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె దగ్గరుండి చదువుకుంటుంటే, అతని చదువు పక్కన కూర్చుని తెలుగూ హిందీ మరాఠీ పట్టుకుంది. ఇంకొకరి కోసం చెప్పే పాఠం చెవిన వేసుకుని మాట పోగుచేసుకోవడం వృద్ధవ్యవహారం కాక మరేమిటి? అలా చదువుకున్న మనిషి 1901 ప్రాంతంలో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. పుస్తకం పేరులో మొదటి మాట చూడండి. అబల. బలం లేనిదని నిఘంటువు. పాఠం చివరి పట్టికలో ఉంటే మనమూ అలాగే రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ మాటని అట్టమీద పెట్టి లోపల ఏం పెట్టింది? రాజ్యాలేలినవాళ్ళు, యుద్ధాలు చేసినవాళ్ళు, శాస్త్రం వాదించినవాళ్ళు. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అనే నింద అబద్ధమని చూపడమే తన ఉద్దేశమని ఆమె చెప్పుకుంది కూడా. పుస్తకం చదవడం పూర్తయ్యేసరికి 'అబల' అన్న మాటకి నిఘంటువు ఇచ్చిన అర్థం నిలబడదు. చరిత్రగా ఆ పుస్తకంలో నాకు అభ్యంతరాలున్నాయి, ముఖ్యంగా పాతివ్రత్యం దగ్గర. కానీ ఒక మాటకి చుట్టూ ఉన్న మాటలు మార్చి అర్థాన్ని తలకిందులు చేయొచ్చని తెలుగులో మొదట చూపినవాళ్ళలో ఆమె ఒకతె.

మా ఊరివాడు ఇదే పని ఇంకోలా చేశాడు. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. సంస్కృతమూ కావ్యభాషా ఎవరి సొత్తనుకుంటున్నారో వాళ్ళ భాషని వాళ్ళకన్నా బాగా పట్టుకుని, అంటరానివాడి కబురు శివుడికి చేరవేయడానికి పక్షిని వెతికాడు. కాళిదాసుకి మేఘం దొరికింది, శ్రీనాథుడి కాలానికి హంసలున్నాయి. జాషువాకి దొరికింది గబ్బిలం. మనిషిని రానివ్వని గుడిలోకి తిన్నగా వెళ్ళగలిగేది అదే. 1941లో ఆ కావ్యం వచ్చేదాకా తెలుగిళ్ళలో గబ్బిలం అపశకునం. ఇప్పుడు ఆ మాట వింటే చదువుకున్నవాడెవడికైనా ఆ గుడి తలుపు గుర్తురాక తప్పదు. కల్లంలో కుప్పకి అవతలి వైపు కూర్చున్న వరస ఏ పల్లె నుంచి వచ్చేదో, అలాంటి పల్లె నుంచి వచ్చినవాడే ఈ కవి కూడా అని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆయన పద్యం పాఠంగా ఉండేది. కింద కఠిన పదాల పట్టిక ఉండేది. ఆయన కూతురు హేమలతా లవణం తర్వాతి కాలంలో నిజామాబాదు వైపు జోగినీ ఆచారం మీద ఏళ్ళ తరబడి పోరాడింది. దేవుడి పెళ్ళామని పొగిడి ఊరందరికీ అప్పజెప్పే ఆ మాట వెనక ఏముందో ఆమె అందరి ముందూ పెట్టింది. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

మళ్ళీ నా పుస్తకాల దగ్గరికి వస్తాను. 'కాంచనద్వీపం' అయిపోయాక కల్లంలో 'చందమామ' మొదలైంది. ఆ వయసులో మాకు నవల అంటే చందమామ సీరియలే. 1947లో మొదలైన ఆ పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి రాశారు. ఆయనా గుంటూరు జిల్లావాడే. సీరియల్‌కి పేరుండేది కాదు కనక ఆ సంగతి మాకెవరికీ తెలియదు. కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిమీదుగా వచ్చిన ఆ తెలుగు ఎంత తేటగా ఉండేదంటే, కల్లంలో ఆపి అడగాల్సిన అవసరం బాగా తగ్గిపోయింది. సొరంగం, బురుజు, సేనాని, గండ్రగొడ్డలి అన్నీ వాటంతటవే తెలిసేవి. నా మాటల సంచీలో సగం అక్కడిదే. నా తరంలో రాసే ఆడవాళ్ళలో చాలామంది ఇదే చెబుతారు.

అక్కడే నేను తప్పు నేర్చుకున్న మాట కూడా ఒకటుంది. రాక్షసుడో మాంత్రికుడో రాజకుమార్తెని చెరపడతాడు. ఎత్తుకుపోయి కోటలో పెడతాడు. అన్నం పెడతాడు, పెళ్ళి చేసుకొమ్మంటాడు, ఆమె కాదంటుంది. ఈలోగా వీరుడు వస్తాడు. ఇరవై కథల్లో ఇలాగే వచ్చింది కనక నాకు అర్థం గట్టిగా పట్టుబడింది. చెర అంటే ఖైదు. చెరపట్టడమంటే ఖైదు చేయడం. తప్పు కాదు, నిఘంటువు కూడా అదే అంటుంది.

ఆ ఏడు బడి తెరిచాక మా క్లాసులో ఒక పిల్ల రాలేదు. జబ్బేమో అనుకున్నాను. కల్లంలో ఒకరోజు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ఆ పిల్ల గురించి మాట్లాడుకుంటున్నారు. చెరిచాడు అన్న మాట నాకు వినిపించింది. నాకు తెలిసిన మాటే! ఎక్కడ దాచాడు, ఇంకా తీసుకురాలేదా అని అడిగాను. అందరూ ఒక్కసారి ఆగిపోయారు. పెద్దమ్మ ముఖం అలా మారడం అంతకు ముందు చూడలేదు. "నువ్వు చదువు" అంది. చుక్కానికీ లంగరుకీ సరంగుకీ ఆపి ఆపి అర్థం రాబట్టిన మనుషులు, ఈ ఒక్క మాటకి చుట్టూ ఉన్నవన్నీ చీరకొంగు కింద దాచేశారు.

కొన్నాళ్ళకి ఆ పిల్ల గురించి ఊళ్ళో వేరే మాట స్థిరపడింది. 'చెడిపోయింది'. ఆ క్రియ నాకు పాల విషయంలో తెలుసు. వేసవిలో సాయంత్రానికి పాలు చెడిపోతాయి. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, వాటంతటవే. ఇప్పుడు తెలుగు పంతులమ్మగా ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాను. చెడు అన్న ధాతువుకే చెరచు ప్రేరణ రూపం. చెర అంటే ఖైదుతో దానికి చుట్టరికం లేదు, నా పోలికే తప్పు. చెరిచాడు అన్నప్పుడు వాక్యంలో ఒక మగవాడున్నాడు, చేసినవాడు. చెడిపోయింది అనగానే వాడు వాక్యంలోంచి లేచి వెళ్ళిపోయాడు. మిగిలింది ఆ పిల్ల ఒక్కతే, తనంతట తనే చెడినట్టు. కల్లంలో రహస్యంగా అన్న మొదటి మాటలో నిజం ఉంది. బజార్లో బాహాటంగా వాడిన రెండో మాట ఊరికి వీలుగా ఉంది. ఆ పిల్లని మళ్ళీ బడికి పంపలేదు, ఎక్కడో దూరాన రెండో సంబంధానికి ఇచ్చి చేశారు. ఊళ్ళో తిరుగుతున్నవాడికి ఏమీ చెడలేదు.

మా ఊరి పేరుకి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. సీతని ఎత్తుకుపోయిన సంగతి రాముడు విన్న కొండ కనక విన్నకొండ, వినుకొండ అయిందట. ఊరి పేర్ల కథల్ని నేను అంతగా నమ్మను. కానీ ఒక ఆడమనిషిని ఎత్తుకుపోయిన కబురు విన్నందుకే పేరు తెచ్చుకున్న ఊళ్ళో మేం ఆ కబురు వినకుండా పెరిగాం.

ఆ మాటకి నాకు సరైన అర్థం 1978లో తెలిసింది. నేను కాలేజీలో ఉన్నాను. హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషన్లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం, ఆమె భర్త చావు, ఊరంతా అట్టుడికిపోవడం, విచారణ సంఘం. పేపర్లన్నీ రాశాయి. రోజూ చదివితే, పదే పదే వచ్చే మాటకి అర్థం తెలియకుండా ఉంటుందా? అప్పటికి పేపర్లు ఎక్కువగా వాడే మాట 'మానభంగం'. అంటే విరిగింది ఆమె మానం, పోయింది ఆమె పరువు. ఆ తర్వాతి పదేళ్ళలో స్త్రీవాదులు ఈ మాటల మీద ఎంత గొడవ పడ్డారో ఈ పత్రిక చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మానభంగం కాదు, అత్యాచారం అనండి అని. కొత్త మాట కనిపెట్టలేదు. అత్యాచారం పాత మాటే. నేరం చేసినవాడి ప్రవర్తనకి పేరు పెట్టే మాట, జరిగినామె ఒంటికి కాదు. మాటల గొడవలు పనిలేని గొడవలని అప్పట్లో వెక్కిరించిన మేధావులు చాలామంది. మా క్లాసు పిల్ల సంగతి వాళ్ళకి తెలియదు.

1987లో ఓల్గా నవల వచ్చింది, పేరు 'స్వేచ్ఛ'. నేను అప్పటికి ఉద్యోగంలో చేరాను. అట్ట చూడగానే ఎర్రసిరా గుర్తొచ్చింది. రెండు రాత్రుల్లో చదివాను. ప్రేమించి పెళ్ళి చేసుకున్న మంచి భర్త ఉన్న ఇంట్లో కూడా ఒక ఆడమనిషికి అది ఎందుకు చాలదో చెప్పడానికి ఆమెకి ఒక నవల అంతా పట్టింది. పట్టికలో ఒక్క గీతకి అటు మాట, ఇటు అర్థం రాసేస్తే సరిపోయే మాట కాదది.

తెలిసిన మాట కూడా తగిన చోట తగిలితే కొత్తగా తెలుస్తుందనడానికి మన దగ్గరే రుజువుంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం, అక్షరదీపం మొదలైంది. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. సారా వల్ల కుంగిపోయిన ఇంటి కథ. సారా అనే మాటకి అర్థం ఆ ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళ వీపులకి తెలుసు. కానీ తమ ఇంట్లో, తమ తలరాతగా తెలిసిన మాట అచ్చులో ఇంకొకరి ఇంట్లో కనిపించింది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పనే ఆ తర్వాత 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఇంకో పాఠమయింది. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని రెండేళ్ళకే సడలించారనుకోండి, అది వేరే కథ. పదాలు బట్టీ పట్టించే వాచకమైతే 'స' గుణింతం కింద సారా, సీత, సూది అని వరసగా రాయించి ఊరుకునేది.

నేను రిటైరయి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు మా ఊరు పల్నాడు జిల్లాలో ఉంది. సెలవురోజుల్లో ఆడపిల్లల హాస్టలొకదానికి వెళ్ళి పుస్తకం చదివిస్తుంటాను. పిల్లల్లో ఎక్కువమంది తల్లులు కాయ కోతకీ తొడిమలు తీయడానికీ పత్తి తీతకీ వెళ్ళేవాళ్ళే. పోయినసారి 'రైలుబడి' పట్టుకెళ్ళాను. తెత్సుకో కురోయానగి తన బడి గురించి 1981లో జపాన్‌లో ప్రచురించిన 'తొత్తోచాన్'కి తెలుగు. నవలలాగే చదువుకోవచ్చు, బాల్యం గురించి నాకు తెలిసిన పుస్తకాల్లో ఇంత దయగలది తక్కువ. పాత రైలుపెట్టెల్లో క్లాసులు నడిపే ఆ హెడ్‌మాస్టరు, పిల్లలు తెచ్చుకునే అన్నం డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత ఉండాలంటాడు. 

పట్టికలు రాయించను. నోటుపుస్తకంలో, తెలియని మాట ఎక్కడ తగిలిందో ఆ సంగతి రాసి, పక్కన అలాంటిది తమకి తెలిసినదేమిటో రాయమంటాను. 'మానభంగం' లాంటిది తగిలినా రాయమంటాను, గొంతు తగ్గించకుండా మాట్లాడుకుంటాం. ఇది వార్డెన్‌కి నచ్చలేదు. ఒకసారి పిలిచి చెప్పింది కూడా. వాళ్ళే టీవీలోనూ ఫోన్లోనూ వింటున్నారు కదా, వినేది సగం సగం కాకుండా మొత్తం విననీయండి అన్నాను. ఇంకా ఎన్నాళ్ళు రానిస్తుందో చూడాలి.

ఆ రోజు సముద్రం నుంచి కొంత అన్న చోట పిల్లలు ఆగిపోయారు. కొండ సరే, కిటికీలోంచి కనిపిస్తోంది. చింతచిగురు, సీతాఫలాలు అన్నారు. సముద్రం నుంచి మన డబ్బాలోకి ఏం వస్తుంది టీచర్ అని ఒకమ్మాయి అడిగింది. నేను చెప్పలేదు. కాసేపు గోల. సంతలో మా అమ్మ ఎండు రొయ్యలు కొంటుంది అంది ఒకతె. వెనక వరసలోంచి, అంతవరకు నోరు విప్పని పిల్ల, "ఉప్పు" అంది. అందరూ నవ్వారు, తర్వాత ఆలోచించారు. రోజూ మనం తినేదే కదా అన్నారు. ఆ పిల్లని నోటుపుస్తకంలో రాయమన్నాను. రాస్తూ తలెత్తి అడిగింది, ఉప్పు సముద్రం నుంచి తీసేవాళ్ళు ఆడవాళ్ళా మగవాళ్ళా, వాళ్ళకి కూలెంత అని.